చక్రముల మీది చిన్న యిల్లు

ఈ నెల పాఠము. పఠింపవలసిన భాగములు: సంఖ్యాకాండము 7:1-9; 1 సమూయేలు 6:7-15; 2 రాజులు 4:1-10; ద్వితీయోపదేశకాండము 22:8; హబక్కూకు 2:15.



ఒక వస్తువును ఎట్లు సంపాదింపవలెనో మనకు నేర్పువారు అనేకులు గలరు. దానితో పని తీరిన పిమ్మట దానిని ఏమి చేయవలెనో నేర్పువారు బహు కొద్దిమంది. ఇల్లు కట్టునప్పుడు ప్రార్థన పెట్టించుకొందుము, బండి కొన్నప్పుడు కాపరిని పిలిచెదము. దానిని విడిచిపెట్టవలసిన దినమున మాత్రము బేరగానిని పిలిచి తలుపు మూసికొందుము. ఆ దినమునకు కూడ దేవుని వాక్యములో వెలుగు గలదని చూపుటకే ఈ పాఠము.

మా సంఘములో ఒక కౌలు రైతు కలడు. సొంత నేల లేదు. నల్లరేగడి పొలములలో ఒక యేడు ఒక ఊరి పొలిమేరను, మరుసటి యేడు మరియొక ఊరి పొలిమేరను కౌలుకు తీసికొని మిరప, పత్తి వేయుచుండెను. మిరప పండించువారికి కల్లపు కష్టము తెలియును. జనవరి మొదలుకొని మూడు నాలుగు నెలలు కోతలు సాగును. కోసిన కాయను కల్లములో పరచి, ఎండబెట్టి, తిరుగదిప్పి, సాయంకాలము ప్రోగుచేసి, మంచు తగులకుండ పట్టాలు కప్పవలెను. అకాల వర్షమునకు, దొంగలకు, పందులకు రాత్రియంతయు కాపలా యుండవలెను. కావున ఆ సహోదరుడును అతని తండ్రియు కలిసి ఒక ఉపాయము చేసిరి. పాతబడిన నాలుగు చక్రముల ట్రాక్టరు ట్రక్కు ఒకటి కొని, దాని మీద ఇనుప యాంగిలర్లు నిలిపి, రేకులు బిగించి, పండ్రెండడుగుల పొడవును ఆరడుగుల వెడల్పును గల చిన్న యిల్లు కట్టిరి. మాఘమాసపు ఎండకే రేకులు పెనమువలె కాలును గనుక వాటిమీద తాటాకు కప్పిరి. లోపల ఒక బల్ల, రెండు గూళ్లు, కిటికీ ఒకటి, దీపము పెట్టుటకు చెక్క ఒకటి. ఏ పొలములో కౌలు కుదిరిన ఆ పొలమునకు ట్రాక్టరుతో దానిని లాగించి, చక్రముల క్రింద రాళ్లు పెట్టి నిలుపుకొనుచుండిరి. ప్రతి కోతకాలము ముగిసినప్పుడు ఆ తండ్రి తలుపు లోపలి ప్రక్కను మేకుతో ఒక గీత గీయుచుండెను.

ఆ తండ్రి ఇప్పుడు ప్రభువునందు నిద్రించెను. 2021-22లో నల్ల తామరపురుగు వచ్చి గుంటూరు, ప్రకాశము జిల్లాలలో మిరప పూతను తినివేసిన సంగతి మనమెవరమును మరచిపోలేదు. ఆ యేటి అప్పు తీరకముందే మిరప ధర పడిపోయెను. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము క్వింటాలుకు 11,781 రూపాయలు అని నిర్ణయింపవలసి వచ్చెననగా ఆ పతనము ఎంతటిదో గ్రహింపుడు. ఈ సహోదరుడు కౌలు మానివేసి కూలికి పోవుచున్నాడు. చక్రముల మీది యిల్లు వీధి చివర వేపచెట్టు క్రింద నిలిచిపోయి, దాని టైర్లు నేలలోనికి దిగబడుచుండెను.

ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట అతడు నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఆ బండి సంగతి మీరే తేల్చాలండి. ఇంట్లో ఒకమాట, బయట ఒకమాట. నాకు నిద్ర పట్టటంలేదు" అనెను.

సంగతి యేమనగా, ఆ యింటిని అడిగినవారు ముగ్గురు. మొదటివాడు పొరుగూరివాడు. రోడ్డు ప్రక్కను నిలుపుకొని బెల్టుషాపు పెట్టుకొనుటకు మంచి ధర యిత్తుననెను. చాటుమాటుగా సారాయి సీసాలమ్ముటకు చక్రముల మీది కొట్టు కంటె అనుకూలమేమున్నది? అధికారులు వచ్చిన దినమున లాగుకొని పోవచ్చును. రెండవవారు మా సంఘ పెద్దలే. దానికి రంగువేసి, సిలువగుర్తు పెట్టి, మైకు కట్టి, సువార్త బండిగా చేసి ఊరూర త్రిప్పుదమనిరి. అయితే ఉచితముగా ఇమ్మనిరి. మూడవది అతని భార్య. ఆమె చెప్పినది వేరు. ప్రతి జనవరిలో కర్నూలు వైపునుండి మిరపకోతకు కుటుంబములు కుటుంబములుగా వచ్చి పొలముగట్ల మీద పట్టాల క్రింద పండుకొనుచుందురు గదా, వారిలో పసిపిల్లల తల్లులకు అది ఇయ్యవలెనని ఆమె కోరిక. "పోయిన ఏడు ఒక పిల్ల ఇరవై రోజుల బిడ్డతో మంచులో పడుకుంది అయ్యగారూ. నేను చూశాను. నాకు రేకుల ఇల్లుండీ చూశాను" అని ఆమె నాతో చెప్పెను.

నాల్గవ కోరిక అతనిదే. అతడు దానిని పైకి చెప్పలేదు. తండ్రి గీతలున్న ఆ తలుపును ఎవరికిని ఇయ్యకుండ అక్కడనే యుంచుకొనవలెనని అతని హృదయము.

నేను వెంటనే తీర్పు చెప్పలేదు. "అబ్బాయీ, గురువారం మీ ఇంట్లో కుటుంబప్రార్థన ఉందిగదా. పెద్దల్ని కూడా పిలు. బండ్ల గురించి బైబిలేమంటుందో చదువుకుందాం" అంటిని. ఆ రాత్రి మేము చదివిన సంగతులనే మీ ముందు పెట్టుచున్నాను.

1. బండి పనికి తగినదై యుండవలెను

సంఖ్యాకాండము 7వ అధ్యాయములో ఇశ్రాయేలు ప్రధానులు ఆరు గూడు బండ్లును పండ్రెండు ఎద్దులును తెచ్చిరి. దేవుడు వాటిని త్రోసివేయలేదు, తీసికొనుమని మోషేకు చెప్పెను. బండి లౌకికమైనది గనుక దేవునికి పనికిరాదని తలంపరాదు. అయితే మోషే వాటిని ఎట్లు పంచెనో చూడుడి. తెరలు మోయు గెర్షోనీయులకు రెండు బండ్లు. బరువైన పలకలు, స్తంభములు, దిమ్మలు మోయు మెరారీయులకు నాలుగు బండ్లు. కహాతీయులకు ఒక్కటియు లేదు. పరిశుద్ధ వస్తువులను వారు భుజముల మీద మోయవలసియుండెను. ఒకనికి బండి ఇచ్చుట న్యాయము, మరియొకనికి ఇయ్యకుండుటయు న్యాయమే. ఎవరి సేవనుబట్టి వారికి.

ఇక్కడ మా పెద్దలు ఆలోచనలో పడిరి. సువార్త బండి మంచిదే. కాని మా చుట్టు నున్న పల్లెలు నడిచిపోదగినంత దగ్గర. ఇంటింటికి పోయి కూర్చుండి మాటలాడు పని మాది. ఆ పనికి భుజములు కావలెను గాని మైకు అక్కరలేదు. దావీదు కాలమున మందసమును క్రొత్త బండి మీద ఎక్కించినప్పుడు సొగసుగానే యుండెను, అయినను ఉజ్జా చనిపోయెను. తరువాత లేవీయులు దానిని భుజముల మీద మోసిరి (2 సమూయేలు 6, 1 దినవృత్తాంతములు 15:15). సౌకర్యము విధేయతకు బదులు కానేరదు. ఒక పెద్ద తానే లేచి, "మనం నడవటానికి బద్ధకించి బండి అడిగామేమో" అనెను.

2. పని తీరిన బండిని పూజింపరాదు

ఫిలిష్తీయులు మందసమును పంపిన బండిని గమనింపుడు. అదియు క్రొత్తది, చేతులతో చేయబడినది. బేత్షెమెషువారు మందసమును చూచి సంతోషించిరి. ఆ బండి దేవుని మందసమును మోసిన బండి గదా, గుడిలో పెట్టి దాచుదమని వారు అనుకొనలేదు. దాని కొయ్యను చీల్చి, దానిని లాగిన ఆవులను దహనబలిగా అర్పించిరి. బండి తన పని ముగించెను, ఇప్పుడు దాని కొయ్యయే అర్పణ ఆయెను.

ఇత్తడి సర్పము సంగతి దీనికి విరోధముగా నున్నది. అరణ్యములో దానివైపు చూచినవారు బ్రదికిరి. తరువాత కాలములో జనులు దానికి ధూపము వేయుచుండగా హిజ్కియా దానిని ముక్కలుగా కొట్టెను (2 రాజులు 18:4). ఒకప్పుడు మేలు చేసినదానినైనను పని తీరిన తరువాత పట్టుకొని వేలాడినయెడల అది మనలను కట్టివేయును.

దీని అర్థము తండ్రి జ్ఞాపకమును పారవేయుమని కాదు. యొర్దానులోనుండి తీసిన పండ్రెండు రాళ్లను పిల్లలకు సాక్ష్యముగా నిలుపుమని దేవుడే సెలవిచ్చెను (యెహోషువ 4). రాయి జ్ఞాపకమునకు చాలును, నదినంతటిని ఇంటికి తెచ్చుకొనవలసిన పని లేదు. ఆ సహోదరుడు ఈ మాట విని చాలసేపు తలవంచుకొని కూర్చుండెను.

మన ప్రాంతపు సంఘచరిత్రయు ఇదియే నేర్పుచున్నది. 1842 జూలై 31న హయ్యరు దొరగారు గుంటూరు చేరిరి. 1866లో క్లౌ దొరగారు ఒంగోలు వచ్చిరి. వారును వారితోకూడ మన పూర్వికులైన బోధకులును డేరాలను, సామానులను ఎద్దుబండ్ల మీద వేసికొని ఊరూర దిగుచు బోధించిరి. 1876-78 కరవులో క్లౌ గారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంతభాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని చూపినప్పుడు, ఆ కూలివారు తాత్కాలికపు పాకలలోనే కాపురముండిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ బండ్ల కొయ్యను, ఆ డేరాల గుడ్డను నేడు ఎవరును వెదకుట లేదు. సంఘములు మాత్రము నిలిచియున్నవి.

బండినే యిల్లుగా చేసికొన్నవారు మన దేశములో లేకపోలేదు. రాజస్థానపు గాడియా లోహారులు అను కమ్మరులు చిత్తోడు కోట పడిపోయిన నాటినుండి ఇంటిలో కాపురముండమని ఒట్టుపెట్టుకొని, తరతరములుగా బండ్లలోనే బ్రదికిరని వారి వాడుక. 1955 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ వారిని చిత్తోడు కోటలోనికి తోడుకొనిపోయి, ఆ ఒట్టు తీరినదని చాటిరి. కొందరు ఇండ్లలో స్థిరపడిరి, అనేకులు నేటికిని బండ్లతోనే తిరుగుచున్నారు. అమెరికాలోనైతే ఇల్లుగలవారే పెద్ద యిండ్ల అప్పుల భారమునకు విసిగి ట్రైలరు మీద చిన్న యిల్లు కట్టుకొనుట ఇటీవలి వాడుక ఆయెను. ఒకరు ఒట్టుచేత, ఒకరు కోరికచేత, మన కూలివారు అక్కరచేత. చక్రములు ఒక్కటే, వాటి మీద పండుకొనువారి దుఃఖములు వేరు.

3. పిట్టగోడ కట్టుము

క్రొత్త యిల్లు కట్టువాడు ఎవడును మీదనుండి పడి చావకుండ పిట్టగోడ కట్టవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది. కట్టనియెడల ఆ రక్తము ఇంటివాని మీదికి వచ్చును. మన చేతిపని చేత పొరుగువానికి హాని కలుగకుండ ముందుగా చూచుట కూడ భక్తియే అని దీని భావము.

ఈ చిన్న యింటికి పిట్టగోడ యేది? ట్రాక్టరు ట్రక్కు సరకులకు ఉద్దేశింపబడినది. దానిలో మనుష్యులను ఎక్కించి రోడ్డు మీద లాగుట చట్టవిరుద్ధము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్టరైన వాహనపు స్వరూపమును మన ఇష్టము చొప్పున మార్చరాదు. ఎత్తైన రేకుల యిల్లు గాలికి ఊగును, మలుపులో పక్కకు ఒరుగును. కోతకూలీలతో నిండిన వాహనములు బోల్తాపడిన వార్తలు మనము ఎన్ని వినలేదు? "ఇన్నేండ్లు ఏమీ కాలేదు గదా" అనుట దేవుని కృపకు సాక్ష్యమే గాని మన జాగ్రత్తకు సాక్ష్యము కాదు. కావున ఆ యింటిని ఎవరికిచ్చినను చక్రముల మీద మనుష్యులతో కదలనీయరాదని అందరమును ఒప్పుకొంటిమి.

4. కొన్నవాడు ఏమి చేసికొనిన మనకేమి?

ఈ ప్రశ్నను ఆ సహోదరుడే అడిగెను, నిజాయితీగా అడిగెను. "బండి అమ్మటం నా పని అండి. వాడు అందులో ఏం అమ్ముకుంటే నాకెందుకు? ఆ డబ్బుతో అప్పు సగం పైగా తీరుతుంది. అప్పు ఎగ్గొట్టటం పాపం కాదా?"

ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. కత్తి అమ్మినవాడు కొన్నవాని హృదయమును ఎరుగడు, గనుక అతని మీద దోషము లేదు. కాని కొన్నవాడు తాను చేయబోవు కీడును ముందుగా చెప్పి, దానికొరకే ఎక్కువ ధర ఇచ్చినయెడల ఆ ఎక్కువ ధర దేనికి? ఇనుమునకు కాదు. పొరుగువానికి మద్యము త్రాగించువానికి శ్రమ అని హబక్కూకు చెప్పెను. పరుల పాపములలో పాలివాడవు కావద్దని పౌలు తిమోతికి వ్రాసెను (1 తిమోతి 5:22). యూదా పారవేసిన వెండిని ప్రధాన యాజకులు సహితము కానుకపెట్టెలో వేయుటకు సంకోచించిరి గదా (మత్తయి 27:6). ఆ కొట్టు ముందు రేపు ఎవరు నిలిచెదరు? కోతకూలి సాయంకాలము చేతిలో పడినవాడు. ఆ కూలి ఎవరి గంజి? పట్టా క్రింద పండుకొన్న ఆ తల్లిది, ఆ బిడ్డది.

అప్పుడు అతని భార్య మెల్లగా, "మీ నాన్నగారు ఆ బల్లమీద కూర్చుని ప్రార్థన చేయకుండా ఒక్కపూటైనా అన్నం తిన్నారాండీ?" అనెను. అతడు ఇక ఆ బేరము ఎత్తలేదు.

5. మొదట నూనె అమ్ము, అప్పు తీర్చు

అయితే ఆమె కోరికయు పరీక్షింపబడవలసియుండెను. అప్పులో నున్నవాడు దానము చేయవచ్చునా? అప్పిచ్చినవానికి చెందవలసినదానిని బీదలకు పంచి, దాతనని అనిపించుకొనుట ఔదార్యము కాదు. 2 రాజులు 4వ అధ్యాయములో ప్రవక్తల శిష్యుని విధవరాలు అప్పులవాని భయముచేత మొరపెట్టినప్పుడు, ఎలీషా మొదట ఇంటిలో ఏమున్నదని అడిగెను. నూనె సమృద్ధియైన తరువాత దానిని అమ్మి, అప్పు తీర్చి, మిగిలినదానితో బ్రదుకుమనెను. క్రమము చూడుడి: అమ్ముట, తీర్చుట, పిమ్మట బ్రదుకుట.

అదే అధ్యాయములో, కొన్ని వచనముల తరువాతనే, షూనేమీయురాలు దైవజనునికి చిన్న గది కట్టించెను. ఒక మంచము, ఒక బల్ల, ఒక పీట, ఒక దీపము. అంతే. దారినపోవువానికి తల వాల్చుకొనుటకు అది చాలెను. ఆమె కలిమిగలది గనుక చేయగలిగెను. మన సహోదరుడు ఈ యిద్దరు స్త్రీలలో ఎవరివంటివాడు? అప్పునుబట్టి విధవరాలివంటివాడు, చేతిలోనున్న చిన్న గదినిబట్టి షూనేమీయురాలివంటివాడు.

ఆ రాత్రి దారి ఇక్కడనే తెరవబడెను. బండి వేరు, ఇల్లు వేరు! ట్రక్కును దాని పూర్వపు స్వరూపములోనికి తెచ్చి, కాగితములతోకూడ రైతుకు న్యాయమైన ధరకు అమ్మవచ్చును. అది నూనె. దాని మీది రేకుల గదిని విప్పి పాత ఇనుపసామాను క్రింద అమ్మినయెడల వచ్చునది బహు స్వల్పము. నిలిపియుంచినయెడల ఒక తల్లికి ఆశ్రయము. అది చిన్న గది. అప్పిచ్చినవానితో కూడ మాటలాడగా అతడును సమ్మతించెను.

ఎట్లు ముగిసెను

సంఘపు యౌవనులు చైను కప్పీ తెచ్చి ఆ గదిని ట్రక్కు మీదనుండి దించిరి. మందిరపు ఆవరణములో ఒక మూలను రాతి దిమ్మల మీద నిలిపి, పెనుగాలికి లేవకుండ నాలుగు మూలలను నేలలో కాంక్రీటు పోసి బిగించిరి. సువార్త బండి కొరకు పెద్దలు కూడబెట్టిన కొద్ది సొమ్ము తాటాకునకును, మరుగుదొడ్డికిని సరిపోయెను. ట్రక్కు సొమ్ము యావత్తు అప్పునకు పోయెను. అప్పు పూర్తిగా తీరలేదు. బెల్టుషాపువాడు ఇచ్చెదనన్న ధరకును వచ్చిన ధరకును నున్న తేడాను ఆ కుటుంబము ఇప్పటికిని కూలిచేసి తీర్చుచున్నది. దీనిని దాచి చెప్పుట నాకు ఇష్టము లేదు. దావీదు తనకు వెల పడనిదానిని దేవునికి అర్పింపననెను (2 సమూయేలు 24:24). వీరికి వెల పడినది.

తలుపును మాత్రము అతడు విప్పుకొని తన యింటికి అమర్చుకొనెను. గదికి క్రొత్త తలుపు వచ్చెను. ఒక రాయి చాలును గదా.

ఈ జనవరిలో ముగ్గురు పసిబిడ్డల తల్లులు ఆ గదిలో పండుకొనిరి. వారు ఏ మతస్థులని ఎవరును అడుగలేదు. కోతకు వచ్చిన పిల్లలు బడి విడిచి వచ్చినవారే. సాయంకాలము మా సంఘపు ఆడపిల్ల ఒకతె ఆ గది అరుగు మీద కూర్చుండి వారికి అక్షరములు దిద్దించెను. కోతలు ముగిసి పోవునప్పుడు వారిలో ఒక తల్లి క్రొత్త తలుపు లోపలి ప్రక్కను బొగ్గుతో ఒక గీత గీసి పోయెను. మొదటి తలుపు సంగతి ఆమెకు ఎవరును చెప్పియుండలేదు.

అబ్రాహాము డేరాలలో కాపురముండి, దేవుడు కట్టిన పునాదులుగల పట్టణముకొరకు కనిపెట్టుచుండెను (హెబ్రీ 11:9-10). మన యిండ్లన్నియు ఒకవిధముగా చక్రముల మీదివే. అవి నిలిచియున్న కొద్దికాలము ఎవరికి నీడయగునన్నదే ప్రశ్న.

కూడికలలో చర్చించుటకు ప్రశ్నలు

1. కహాతీయులకు బండి ఇయ్యకపోవుట అన్యాయమా? మన సంఘములో పనికి మించిన వస్తువును కోరుచున్నామా?
2. పని తీరినను విడువలేక మీరు ఉంచుకొన్న వస్తువు ఏది? అది పండ్రెండు రాళ్లవంటిదా, ఇత్తడి సర్పమువంటిదా?
3. మీ పొలములో పనిచేయు వలసకూలీలు రాత్రి ఎక్కడ పండుకొనుచున్నారు? ఈ వారము పోయి చూడుడి.
4. వారిని ఏ వాహనములో, ఎంతమందిని ఎక్కించి తీసికొని వచ్చుచున్నారు? పిట్టగోడ ఏది?
5. అప్పులో నున్న సహోదరుడు మంచి బేరమును మనస్సాక్షినిబట్టి విడుచుకొన్నప్పుడు, ఆ నష్టములో సంఘము పాలు ఎంత?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, తల వాల్చుకొనుటకు స్థలము లేనివాడై మా మధ్య సంచరించిన నీ కుమారునిబట్టి నిన్ను స్తుతించుచున్నాము. మా చేతులు కట్టినదానిని పట్టుకొనుటకును విడుచుటకును తగిన సమయమును మాకు తెలియజేయుము. కీడు కొరకు ఇయ్యబడు ఎక్కువ ధరనుండి మమ్మును తప్పించుము. అప్పుల భారముతోనున్న కౌలు రైతులను, పొలముగట్ల మీద పండుకొను తల్లులను, బిడ్డలను జ్ఞాపకము చేసికొనుము. మా ఆవరణములను వారికి తెరచునట్లు మా హృదయములను తెరువుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.